గదిమూలలోని కొమ్ము

ఉద్దేశం: ధ్వనిశాస్త్ర సూత్రం ఒకటి నిత్యజీవితంలోని ఉపకరణంగా రూపొందిన తీరును తెలుసుకోవడం, పరిమితులను గుర్తించి, వాటిని ఉపయోగంగా మలచుకొనే ఆలోచనావిధానాన్ని గ్రహించడం.

పొలం గట్టున నిలిచి దూరాన ఉన్న మనిషిని పిలవవలసి వచ్చినప్పుడు మనం అప్రయత్నంగా రెండు అరచేతులను నోటికి ఇరువైపులా దొప్పవలె పట్టుకొంటాం. కంఠంలోని బలం పెరగదు. పిలుపు మాత్రం మరింత దూరం వినిపిస్తుంది. మొదట సన్నగా ఉండి, క్రమంగా విశాలమై, చివరకు విప్పారిన పువ్వువలె తెరుచుకొనే కొమ్ము, బాకా, గ్రామఫోను బూర ఆ దొప్పకు మెరుగుదిద్దిన రూపాలే. జాతరలో గుంజకు కట్టి ఉండే, వాడుకలో మనం 'మైకు' అని పిలిచే లోహపు కొమ్ము కూడా ఆ కుటుంబానికి చెందినదే.

ఇవన్నీ ఎక్కువగా ఆరుబయట ఉపయోగించడానికి ఏర్పడినవి. వీణమీటులోని సున్నితత్వాన్ని, గాయకుని ఊపిరిని కూడా వినగోరే శ్రోతకు, నాలుగు గోడల గదిలో, ఈ కొమ్ము పనికివస్తుందా? పనికివచ్చేటట్లు చేయాలంటే దాని భారీ ఆకారాన్ని ఎలా తగ్గించాలి? ఈ ప్రశ్నకు అమెరికా దేశపు ఇంజనీరు పాల్ విల్బర్ క్లిప్ష్ కనుగొన్న సమాధానమే ఈ పాఠ్యాంశం.

ముందుగా సాధారణ లౌడ్‌స్పీకరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. అయస్కాంతపు సందులో ఒక తీగచుట్ట ఉంటుంది. దానిలో ప్రవహించే విద్యుత్తు మారుతున్నకొద్దీ అది ముందుకు, వెనుకకు కదులుతుంది. దానికి అతికించిన కాగితపు శంకువు కూడా కదిలి ఎదుటి గాలిని తోస్తుంది. ఆ తోపుడే మనకు నాదంగా వినిపిస్తుంది. ఈ రకం స్పీకరును గురించి రైస్, కెలాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించిన పరిశోధన నేటి గృహోపకరణాలకు మూలం. అయితే దీనిలో ఒక పెద్ద లోపం ఉంది. దానికి అందించిన విద్యుచ్ఛక్తిలో సుమారు నూటికి ఒక వంతు మాత్రమే ధ్వనిగా మారుతుంది. తక్కినదంతా దాదాపుగా వేడి రూపంలో వ్యర్థమవుతుంది. అందించిన శక్తిలో ఎంత భాగం ప్రయోజనకరమైన పనిగా మారిందో తెలిపే నిష్పత్తిని 'దక్షత' అంటారు. ఇక్కడ దక్షత చాలా స్వల్పమన్నమాట.

ఇలా ఎందుకు జరుగుతుంది? సన్నని పుల్లను గాలిలో ఎంత వేగంగా ఊపినా గాలి వీచదు. పుల్లకు ఇరువైపులనుండి గాలి తప్పించుకొనిపోతుంది. తాటాకు విసనకర్రను మెల్లగా కదిపితే చాలు, చల్లని గాలి ముఖానికి తగులుతుంది. స్పీకరు శంకువు కూడా మంద్రస్థాయి స్వరాల విషయంలో ఆ పుల్లవంటిదే. అది తోసిన గాలి పక్కలకు జారిపోతుంది. బరువైన శంకువుకు తేలికైన గాలి తగినంత ఎదురునివ్వదు; ఎదురులేనిచోట పని జరగదు.

కొమ్ము ఈ లోపాన్ని సరిచేస్తుంది. శంకువుకు ముందు సన్నని గొట్టాన్ని అమర్చితే గాలి పక్కకు తొలగే అవకాశం ఉండదు. శంకువు ఆ గాలిస్తంభాన్ని గట్టిగా తోయవలసి వస్తుంది. గొట్టం నెమ్మదిగా విశాలమవుతున్నకొద్దీ ఆ ఒత్తిడి విస్తరించి, చివరకు కొమ్ము నోటినుండి విశాలమైన తరంగంగా గదిలోకి సాగిపోతుంది. అంటే, చిన్న శంకువు ఆ కొమ్ము నోరంత పెద్ద విసనకర్రగా పనిచేస్తుంది. గొట్టం హఠాత్తుగా వెడల్పయితే ధ్వని కొంత వెనుకకు మళ్లుతుంది. అందుచేత సమానమైన దూరాలను దాటిన ప్రతిసారీ వైశాల్యం రెట్టింపయ్యేటట్లు దానిని మలచడం ఒక మంచి పద్ధతి. కొమ్ములలో ధ్వని సాగే తీరును వివరించే సమీకరణాన్ని ఆర్థర్ గోర్డన్ వెబ్‌స్టర్ 1919లో ప్రకటించారు.

ఆ రోజులలో ఆంప్లిఫయర్లు కొద్ది వాట్ల శక్తిని మాత్రమే ఇవ్వగలిగేవి. అంత స్వల్పశక్తితో పెద్ద ప్రేక్షకశాలను నింపాలంటే దక్షత కలిగిన కొమ్ము తప్పనిసరి. 1926లో అమెరికాలో ప్రదర్శనకు వచ్చిన వైటాఫోన్ శబ్దచిత్రాలకు తెర దగ్గర నిలిచినవి భారీ కొమ్ములే. సినిమాహాలులో చోటుకు కొరత లేదు. ఇంటిలో అలా కాదు.

చోటు సమస్య ఎంత పెద్దదో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పయనిస్తుంది. సెకనుకు 40 కంపనాలు గల మంద్రస్వరం తరంగదైర్ఘ్యం దాదాపు 8.6 మీటర్లు. ఆ స్వరాన్ని కొమ్ము చక్కగా వెలువరించాలంటే దాని నోటి చుట్టుకొలత సుమారు ఒక తరంగదైర్ఘ్యమంత ఉండాలి. అప్పుడు నోటి వ్యాసం రెండున్నర మీటర్లకు పైమాటే. ఇంత నోరు తెరిచిన కొమ్మును గదిలో పెట్టడం కంటే కొమ్ములోనే మనం కాపురం పెట్టడం తేలిక!

ఈ చిక్కుముడిని విప్పినవారిలో అగ్రగణ్యుడైన క్లిప్ష్ 1904లో ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్‌లో జన్మించారు. విద్యుత్ ఇంజనీరింగులో పట్టభద్రులై, దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో విద్యుత్ రైలింజన్ల నిర్వహణ చూశారు. తరువాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదివి, టెక్సాస్‌లో భూభౌతిక అన్వేషణలో పనిచేశారు. 1941లో ఆయన అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. చిన్న పరిమాణంలో మంద్రస్థాయి కొమ్మును నిర్మించడం ఎలాగన్నదే దాని విషయం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణం వద్ద సైనిక పరీక్షాకేంద్రంలో పనిచేసిన ఆయన, యుద్ధానంతరం 1946లో ఆ ఊరిలోనే తన సంస్థను నెలకొల్పారు. అక్కడ తయారైన స్పీకరే 'క్లిప్ష్‌హార్న్'.

ఆయన పరిష్కారంలో మొదటి అంశం గదిమూల. దీపాన్ని గది నడుమ వ్రేలాడదీస్తే వెలుగు అన్ని దిక్కులకూ చెదిరిపోతుంది. అదే వెలుగును రెండు గోడలు, నేల కలిసే మూలకు చేర్చి, ఆ తలాలను అద్దాలుగా భావిస్తే, అది మొత్తం గోళంలో ఎనిమిదవ వంతు మేరకే ప్రసరిస్తుంది. మంద్రధ్వనికి గట్టి గోడలు అద్దాలవంటివే. అందువలన మూలలో ఉంచిన కొమ్ముకు పూర్తి నోరు అక్కరలేదు; ఎనిమిదవ వంతు చాలు. పైన చెప్పిన లెక్కలో దాదాపు 5.9 చదరపు మీటర్ల నోరు కావలసినచోట ఇప్పుడు 0.73 చదరపు మీటరుతో పని నెరవేరుతుంది. కొమ్ము చివరి భాగాన్ని చెక్కతో చేయనవసరం లేదు. ఇంటి గోడలే ఆ భాగమవుతాయి. ఇంగ్లండులో పాల్ వాయిట్ అనే ఇంజనీరు కూడా 1930వ దశకంలో మూలను ఆశ్రయించే గృహోపయోగ కొమ్మును రూపొందించడం ఇక్కడ స్మరించదగినది.

రెండవ అంశం మడత. నోరు చిన్నదైనా పొడవు సమస్య మిగిలే ఉంది. 40 కంపనాల హద్దుకు తగిన కొమ్ములో వైశాల్యం రెట్టింపు కావడానికి సుమారు 47 సెంటీమీటర్ల దూరం కావాలి. రెట్టింపులన్నీ పూర్తయ్యేసరికి పొడవు రెండు మీటర్లు దాటుతుంది. తిరుమల కొండకు నిట్టనిలువుగా రహదారి వేయలేక మలుపులు తిప్పి, స్వల్పమైన వాలుతో ఘాట్ రోడ్డు నిర్మించిన తీరు మనకు తెలిసినదే. క్లిప్ష్ కూడా కొమ్ము మార్గాన్ని చెక్కపెట్టె లోపల మలుపులు తిప్పి, వెనుకవైపునుండి ఇరుపక్కల గోడలవెంట వెలికి వచ్చేటట్లు అమర్చారు. సుమారు 1.3 మీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టెలో ఆ దీర్ఘమైన మార్గమంతా ఇమిడిపోయింది.

అయితే ఈ మలుపులు మంద్రస్వరాలకే అనుకూలం. మలుపు కంటే తరంగం ఎంతో పొడవైనది కనుక అది సునాయాసంగా తిరిగిపోతుంది. తారస్థాయి స్వరాల తరంగదైర్ఘ్యం కొద్ది సెంటీమీటర్లే. అవి మలుపులలో గోడలను తాకి చెదిరిపోతాయి. అందుచేత మంద్రభాగాన్ని మడత కొమ్ముకు అప్పగించి, దానిపై స్వరాలకు మడతలేని చిన్న కొమ్ములను పెట్టెపైన విడిగా అమర్చవలసి వచ్చింది.

దీని ఫలితం ఆశ్చర్యకరం. ఒక వాట్ శక్తికి ఒక మీటరు దూరంలో ఈ స్పీకరు సుమారు 105 డెసిబెల్ ధ్వనినిస్తుందని తయారీదారుల ప్రకటన. సాధారణ గృహ స్పీకరు 88 డెసిబెల్ ఇస్తుందనుకొందాం. డెసిబెల్ కొలమానంలో 10 పెరిగితే శక్తి 10 రెట్లు పెరిగినట్లు. 17 డెసిబెల్ భేదమంటే సుమారు 50 రెట్లు. కచేరీలో మృదంగంపై పడిన గట్టి దెబ్బకు ఒక క్షణం 98 డెసిబెల్ కావలసివస్తే, సాధారణ స్పీకరుకు 10 వాట్లు అవసరం. కొమ్ముకు వాట్‌లో అయిదవ వంతు చాలు.

శక్తి ఆదా ఒక్కటే దీని ప్రయోజనం కాదు. దక్షత తక్కువైన స్పీకరు పెద్ద ధ్వనికోసం తన శంకువును చాలా దూరం కదపవలసి వస్తుంది. ఊయలపై ముందుకూ వెనుకకూ ఊగుతూ పాడే గాయని కంఠం ఎదుటివారికి నిలకడగా వినిపించదు. అలాగే, ఒకే శంకువు మంద్రస్వరానికి బలంగా ఊగుతూ పైస్వరాన్ని కూడా పలికితే ఆ పైస్వరం కలుషితమవుతుంది. కొమ్ము గల స్పీకరులో శంకువు కదలిక స్వల్పం. కనుక ఈ వికృతి కూడా స్వల్పం. దక్షత పెరిగితే వికృతి తగ్గుతుందన్న విషయాన్ని క్లిప్ష్ తన జీవితమంతా నొక్కి చెప్పారు.

గుణాలతోపాటు దోషాలనూ చెప్పడం న్యాయం. క్లిప్ష్‌హార్న్‌కు తలుపు, కిటికీ అడ్డురాని గట్టి మూల కావాలి. రెండు స్పీకర్లకు రెండు మూలలు కావాలి. కొమ్ము వంపులో లోపముంటే కంఠం బూరలోనుండి వచ్చినట్లు ముక్కుతో పలుకుతుంది. క్లిప్ష్ 1957లో ఇంకా చిన్నదైన 'హెరెసీ' అనే స్పీకరును రూపొందించారు. పాషండత, అనగా మతసిద్ధాంతాన్ని ధిక్కరించడం అని ఆ పదానికి అర్థం. దీనిలో మధ్య, తారస్థాయిలకు మాత్రమే కొమ్ములున్నాయి. మంద్రానికి సాధారణ శంకువే దిక్కు. మూల అవసరం తీరిపోయింది కాని, అట్టడుగు మంద్రాన్ని వదులుకోవలసి వచ్చింది.

ఈ త్యాగం అనివార్యమా? 1954లో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి విపణిలోకి తెచ్చిన ఏఆర్-1 స్పీకరు మరొక దారి పట్టింది. దాని పెట్టె చిన్నది, మంద్రం లోతైనది. దక్షత మాత్రం చాలా తక్కువ. చిన్న పెట్టె, లోతైన మంద్రం, అధిక దక్షత అనే మూడింటిలో రెండింటిని కోరుకోవచ్చు, మూడవదానిని విడిచిపెట్టాలి. ఈ నియమం హాఫ్‌మన్ అనే ఇంజనీరు పేరుతో ప్రసిద్ధం. 1960వ దశకంనుండి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయర్లు చవకగా అధికశక్తిని అందించసాగాయి. అంతట లోకం దక్షతను విడిచి చిన్న పెట్టెను వరించింది. వాట్లు సులభంగా దొరుకుతున్నప్పుడు పొదుపు ఎందుకన్న భావన బలపడింది.

అయినప్పటికీ 1946లో ఆరంభమైన క్లిప్ష్‌హార్న్ తయారీ నేటికీ ఆగలేదు. 2002లో, 98 సంవత్సరాల వయస్సులో, క్లిప్ష్ హోప్ పట్టణంలోనే కన్నుమూశారు. ఆయన కొమ్మును కొందరు శ్రోతలు ఇప్పటికీ కోరుకోవడానికి కారణం పెద్ద శబ్దంపై మోజు కాదు. తక్కువ శక్తితో, తొట్రుపాటు లేకుండా, స్వరం పుట్టినట్లుగానే వినిపించడం వారికి ముఖ్యం.

ప్రకృతి నియమాన్ని క్లిప్ష్ జయించలేదు, దానిని మన్నించారు. 8.6 మీటర్ల తరంగాన్ని కుదించడం ఎవరి తరమూ కాదు. కాని, ప్రతి ఇంటిలోనూ ఊరకే పడి ఉన్న మూల ఆ తరంగానికి ఆసరా కాగలదని ఆయన చూడగలిగారు. లేనిదానికై వగచకుండా, ఉన్నదానిలోని ఉపయోగాన్ని గుర్తించడం ఇంజనీరుకే కాదు, ఏ రంగంలో కృషి చేసేవారికైనా అలవరచుకోదగిన గుణం.

ప్రశ్నలు

1. కొమ్ము లౌడ్‌స్పీకరు దక్షతను ఎలా పెంచుతుందో విసనకర్ర దృష్టాంతంతో వివరించండి.
2. మంద్రస్థాయి కొమ్మును ఇంటిలో ఇమిడ్చడానికి క్లిప్ష్ అనుసరించిన రెండు మార్గాలను విశదీకరించండి.
3. దక్షతకు, ధ్వనిలోని వికృతికి గల సంబంధమేమి?
4. "చిన్న పెట్టె, లోతైన మంద్రం, అధిక దక్షత" — ఈ మూడింటిలో ఏ రెండింటిని మీరు ఎంచుకొంటారు? కారణాలు వ్రాయండి.