పూసలు పోస్తే మెరుపు మారుతుంది

హైదరాబాద్ జుమేరాత్ బజారులో తుక్కు సామాను మధ్య ఓజోన్ పెట్టె ఒకటి దొరికింది. క్యాన్ల నీళ్ల ప్లాంట్లలో వాడే రకం. విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ లేదు. స్టీలు గొట్టం, దానిలో గాజు గొట్టం, రెంటి మధ్య రెండు మిల్లీమీటర్ల సందు, ఒక హైవోల్టేజి ట్రాన్స్‌ఫార్మరు, అంతే. దాన్ని బల్ల మీద పెట్టి, సందులో పుట్టే మెరుపును ఇంటర్ పిల్లలకు చూపిస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు. "సార్, ఆ సందు నిండా లాడ్ బజార్ గాజు పూసలు పోస్తే మెరుపు ఆగిపోతుందా?"

ఆగదు. ఇంకా తక్కువ వోల్టేజికే మొదలవుతుంది, పైగా వేరే మెరుపుగా మారిపోతుంది. పిల్లవాడికి తెలియదు గానీ, ఇలాంటి మెరుపుతో నడిచే ప్లాస్మా రసాయనంలో పెద్ద పెద్ద ప్రయోగశాలలు తల బద్దలు కొట్టుకుంటున్న ప్రశ్న అదే.

ముందు పూసల్లేని గొట్టం సంగతి. 1857లో జర్మనీలో వెర్నర్ ఫాన్ సీమెన్స్ చేసిన తమాషా ఏమిటంటే, ఎలక్ట్రోడ్లను గాలికి తగలనీయకుండా గాజు అడ్డం పెట్టడం. గాలి చిట్లి సన్నని మెరుపు పోగు పుడుతుంది. అది మోసుకొచ్చిన ఆవేశం గాజు మీద పేరుకుని, తనను పుట్టించిన విద్యుత్ క్షేత్రానికే ఎదురు తిరుగుతుంది. పోగు నానోసెకన్లలో చచ్చిపోతుంది. నిప్పురవ్వ ముదిరి ఆర్క్ అయ్యే వ్యవధే ఉండదు. అందుకే ఎలక్ట్రాన్లు పదివేల డిగ్రీలు దాటి వేడెక్కినా గాలి మాత్రం ఇంచుమించు చల్లగానే ఉంటుంది. 1906లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరం మంచినీళ్లు శుద్ధి చేసుకున్నది ఈ ఉపాయంతో పుట్టిన ఓజోన్‌తోనే.

ఇక పూసలు. పొరలు పొరలుగా వరుసలో ఉన్న పదార్థాల్లో డైఎలక్ట్రిక్ స్థిరాంకం ఎవరికి తక్కువో వాళ్ల మీదే క్షేత్రం ఎక్కువ పడుతుంది. గాలికి అది 1. మామూలు గాజుకు 5 చుట్టుపక్కల, అల్యూమినాకు 9 లేక 10, బేరియం టైటనేట్‌కు వేలల్లో. (గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో పావలా బిళ్లలా కనిపించే సిరామిక్ కెపాసిటర్ల కడుపులో ఉండేది ఎక్కువగా ఈ బేరియం టైటనేటే.) కాబట్టి పూసలు పోసినప్పుడు వోల్టేజి బరువంతా మిగిలిన కాసింత గాలి మీద పడుతుంది.

నాకు బాగా నచ్చే లెక్క ఇక్కడే ఉంది. ఒంటరి గోళాన్ని క్షేత్రంలో పెడితే, అది ఎంత గొప్ప పదార్థమైనా సరే, దాని కొన దగ్గర క్షేత్రం మూడు రెట్లకు మించి పెరగదు. రెండో పూస వచ్చి దాన్ని తాకిందా, ఆ హద్దు చెరిగిపోతుంది. స్థిరాంకం బాగా ఎక్కువున్న పూసలైతే, తాకే బిందువు చుట్టూ వెంట్రుకవాసి సందులో క్షేత్రం పదుల రెట్లు పెరుగుతుంది. మెరుపు మొదట అంటుకునేది అక్కడే.

అలాగైతే బేరియం టైటనేటే పోస్తే సరిపోదా? సరిపోదు. స్థిరాంకం మరీ ఎక్కువైతే మెరుపు తాకుడు బిందువుల దగ్గరే కూచుంటుంది, కదలదు. గాజు, అల్యూమినా లాంటి వాటిలో అది పూస ఒంటి మీద పాకుతూ పోతుంది. రసాయన చర్యలకు వాడే పూసలకు (వాటిని గుళికలంటారు) ఉత్ప్రేరకం పూస్తారు. అది ఉండేది ఆ ఒంటి మీదే గనుక రసాయనానికి కావలసింది ఈ పాకుడే.

ఓసిల్లోస్కోపు తెర మీద తేడా కంటికి కనిపిస్తుంది. ఖాళీ గొట్టానికి కరెంటు గీత నిండా సూదుల్లాంటి ముళ్లు. ఒక్కో ముల్లూ ఒక మెరుపు గుంపు. సందు నిండా గుళికలు దట్టిస్తే ముళ్లు కుంగిపోతాయి. సగమే నింపితే ఖాళీలో పోగులు, గుళికల మీద పాకుడు, రెండూ దక్కుతాయి. 1943లో మాన్లీ అనే పరిశోధకుడు చూపించినట్టు ఆవేశాన్ని వోల్టేజికి ఎదురుగా గీస్తే సమాంతర చతుర్భుజం వస్తుంది. దాని వైశాల్యమే ఒక ఆవర్తనంలో ఖర్చయిన శక్తి. గుళికలు మారిస్తే ఆ బొమ్మ వాలు మారుతుంది. సందులో ఎంత భాగం నిజంగా మెరుస్తోందో దాన్నిబట్టి లెక్క కట్టవచ్చు.

అల్యూమినా గుళికకు ఉత్ప్రేరకంగా నికెల్ పూస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. లోహం కరెంటును మోస్తుంది కాబట్టి మెరుపు నడకే మారుతుంది. వాయువుల మార్పిడి పెరిగితే ఆ ఘనత నికెల్ రసాయనానిదా, మారిన మెరుపుదా? ఈ రెంటినీ విడదీయకుండా "మా ఉత్ప్రేరకం భేష్" అని చాటే పేపర్లంటే నాకు అనుమానమే. ఇంకో సంగతి. గుళిక లోపల నానోమీటర్ల రంధ్రాల్లో ఎంత వైశాల్యమున్నా, మెరుపు అందులో దూరలేదు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఓజోన్ నుంచి పెయింటు ఆవిర్ల శుద్ధికి, అక్కడి నుంచి కార్బన్ డయాక్సైడును విడగొట్టడానికి ఈ గొట్టం ఎగబాకింది. మన ఊరికి దగ్గర్లో, సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఆచార్య చల్లపల్లి సుబ్రహ్మణ్యం బృందం ఇలాంటి గుళికల గొట్టంలో హైడ్రోజన్ సల్ఫైడును హైడ్రోజన్‌గా, గంధకంగా విడగొట్టింది. నయాపూల్ మీద ముక్కు మూయించే మూసీ కంపులో ఈ వాయువుకూ వాటా ఉంది. అయితే అక్కడ అది పట్టుకుని వాడుకునేంత చిక్కగా ఉండదు, అసలు గనులు చమురు శుద్ధి కర్మాగారాలే. ఒక మోల్ హైడ్రోజన్ సల్ఫైడును విడగొట్టడానికి సిద్ధాంతరీత్యా 20 కిలోజౌళ్లు చాలు, అదే నీటికైతే 286. కర్మాగారాలు నేడు వాడే క్లాజ్ పద్ధతిలో గంధకం దక్కుతుంది గానీ హైడ్రోజన్ నీళ్లయిపోతుంది. ప్లాస్మాలో రెండూ దక్కుతాయి. కాకపోతే గంధకం 115 డిగ్రీలకు గానీ కరగదు. గొట్టాన్ని అంతకన్నా వేడిగా ఉంచకపోతే అది గుళికల మీదే పేరుకుని, మెరుపు పాకే ఒంటినే కప్పేస్తుంది.