సర్వీసు అను పదము – సేవాభావము



“ఆయనకు ముప్పది యేండ్ల సర్వీసున్నది”, “బండిని సర్వీసుకు ఇచ్చినాము”, “సర్వీసు బస్సు వచ్చినది” – ఈ ఆంగ్లపదము మన నోట నిత్యము మెలగుచున్నది. ఉద్యోగము, వాహనముల మరమ్మతు, రాకపోకల వసతి, భోజనము వడ్డించుట, క్రైస్తవ ప్రార్థనామందిరములలోని ఆరాధన – ఇన్ని అర్థములను ఈ యొక్క మాట మోయుచున్నది. దీని పుట్టుక తెలిసికొనుట మనకు మేలు.

లాటిన్ భాషలో ‘సెర్వుస్’ అనగా బానిస. ‘సెర్విటియుమ్’ అనగా బానిసత్వము. ప్రాచీన రోములో బానిస యజమానుని ఆస్తి. అతనిని అమ్మవచ్చును, కొనవచ్చును. ఆ మాట ఫ్రెంచిలో రూపము మార్చుకొని, 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఆంగ్లమున స్థిరపడినది. సర్వెంటు, సార్జెంటు అను మాటలును ఈ కుదురున మొలచినవే.

మరి, బానిసత్వమును తెలుపు మాటకు గౌరవ మెట్లు కలిగినది? 590 నుండి 604 వరకు పోపుగా నుండిన మొదటి గ్రెగొరీ తన్ను “దేవుని సేవకులకు సేవకుడ”నని చెప్పుకొనెను. ఆ బిరుదు నేటికిని పోపులకు కలదు. మన వైష్ణవులును భగవంతునికే గాక భక్తులకును దాసులమని, దాసానుదాసులమని చెప్పుకొందురు. ఒకరు వంచగా వంగుట దాస్యము; ప్రేమతో తానై వంగుట సేవ. చేయు పని ఒకటే కావచ్చును, మనస్సు వేరు.

మన ‘కైంకర్యము’ అను మాట ఈ భేదమును చక్కగా తెలుపుచున్నది. “నేనేమి చేయుదును?” అని అడుగువాడు కింకరుడని పెద్దలు చెప్పుదురు. బానిసకు ఆజ్ఞ పైనుండి వచ్చును. కింకరుడు తానే ముందుకు వచ్చి అడుగును. 2000లో తిరుమలలో ప్రారంభమైన ‘శ్రీవారి సేవ’లో దూరప్రాంతముల నుండి వచ్చి, వేతనము లేకయే యాత్రికులకు అన్నప్రసాదము వడ్డించువారు ఇట్టి కింకరులే.

ఇక లోకవ్యవహారము చూడుడు. 1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రభుత్వోద్యోగిని ‘పబ్లిక్ సర్వెంటు’ అన్నది. 2024 జూలై 1న దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఆ మాటను నిలుపుకొన్నది. ‘మినిస్టరు’ అను మాటకును లాటిన్‌లో పరిచారకుడనియే అర్థము. అయినను, పింఛను కొరకు వచ్చిన వృద్ధురాలు కచేరీలో చేతులు కట్టుకొని నిలువగా, సేవకుడను పేరు గలవాడు తలయెత్తి చూడని సందర్భములు లేకపోలేదు. అచట మాట మిగిలినది, అర్థము తొలగినది.

కావున ఉద్యోగియైనను, వర్తకుడైనను, ఆలయమున స్వచ్ఛందముగా పని చేయువాడైనను, ఎదుటివాడు నోరు తెరువకముందే “మీకేమి కావలెను?” అని అడుగవలెను. ఆ ప్రశ్నలోనే కైంకర్యమున్నది. పదవీవిరమణతో సర్వీసు ముగియును. ఈ ప్రశ్నకు విరమణ లేదు.