వరద తీసిన తర్వాత మిగిలే పద్దు

(న్యూఢిల్లీ లేఖ)

2023 జూలై 13వ తేదీన ఢిల్లీ పాత రైలు వంతెన వద్ద యమునా నది నీటిమట్టం 208.66 మీటర్లకు చేరుకున్నది. 1978 నాటి 207.49 మీటర్ల రికార్డును అది అధిగమించింది. రాజఘాట్ నీట మునిగింది. ఎర్రకోట గోడల వద్దకు నీరు వచ్చింది. సర్వోన్నత న్యాయస్థానానికి సమీపంలోని రహదారులమీద సైతం నీరు నిలిచింది. పార్లమెంటు వార్తలు వ్రాసుకునే మాబోటి వారందరం రెండు మూడు రోజులపాటు మీటర్లు, సెంటీమీటర్ల లెక్కల్లో మునిగిపోయాము. మంత్రులు పడవలు ఎక్కారు. కెమెరాలు వారి వెంట వెళ్ళాయి. నీటిమట్టం తగ్గగానే కెమెరాలు తిరిగి వచ్చాయి.

ఆ తర్వాత వారం రోజులకు మయూర్ విహార్ రోడ్డు పక్కన వేసిన సహాయ శిబిరాలకు వెళ్ళాను. ఒక గుడారంలో నడివయస్సు స్త్రీ ఒకామె తడిసిన కాగితాలను చాపమీద ఒక్కొక్కటిగా పరచి ఆరబెడుతున్నది. అవి ఆధార్ కార్డులో, రేషను కార్డులో అనుకున్నాను. దగ్గరకు వెళ్ళి చూస్తే కుట్టు మిషను కొనడానికి తీసుకున్న రుణం తాలూకు రసీదులు. మిషను యమునలో కొట్టుకుపోయింది. రసీదులు మాత్రం మిగిలాయి. వాయిదా వసూలుకు మనిషి సోమవారం వస్తాడని, ఇప్పటిదాకా ఎంత కట్టిందీ చూపించడానికి అవి కావాలని ఆమె చెప్పింది.

వరద గురించి మన ప్రభుత్వాలకు తెలియని అంశం ఏదైనా ఉన్నదంటే అది ఆ సోమవారమే. నీరు వచ్చిన మొదటి వారం ప్రభుత్వానిది. పడవలు, ఆహార పొట్లాలు, హెలికాప్టర్లు, పరామర్శలు అన్నీ ఆ వారంలోనే జరుగుతాయి. ఆ తర్వాతి నెలలు, సంవత్సరాలు పూర్తిగా ఆ కుటుంబానివి.

ఇది ఢిల్లీకి పరిమితమైన విషయం కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడమీద విరుచుకుపడిన సంగతి పాఠకులకు విదితమే. ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణానది 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహంతో ఉరకలు వేస్తున్న సమయంలోనే, రెండో పక్క నుంచి బుడమేరు సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వంటి ప్రాంతాలను ముంచెత్తింది. మా పెదనాన్నగారి కుమారుడు, పదవీ విరమణ చేసిన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, సింగ్ నగర్‌లో ఒక మేడ ఇంటి కింది వాటాలో ఉంటున్నారు. నడుము దాటి నీరు వచ్చింది. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఆయన నా ముందు జమాఖర్చుల పుస్తకం పెట్టారు. ఆయనకు లెక్క వ్రాసే అలవాటు చిన్ననాటి నుంచి ఉన్నది.

ఎడమ పుట: రిఫ్రిజిరేటరు, బట్టలు ఉతికే యంత్రం, పరుపులు, గ్యాసు పొయ్యి, ఏడాదికి సరిపడా కొన్న బియ్యం, నీటి మోటారు, ఇంట్లో విద్యుత్తు తీగలు మార్చినందుకైన ఖర్చు, బురద ఎత్తించిన కూలి, కుమారుని మోటారు సైకిలు మరమ్మతు. మొత్తం రెండు లక్షలకు కొంచెం తక్కువ. కుడి పుట: రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు. దాని కింద వదినగారి గాజులు తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్ము. దాని కింద చేబదులు.

“ప్రభుత్వాన్ని నేనేమీ అనడం లేదు తమ్ముడూ, ఇచ్చినది త్వరగానే ఇచ్చారు. కానీ మునిగిన ఫ్రిజ్జుకు ఇంకా ఏడు వాయిదాలు ఉన్నాయి. కొత్తది కొనాలంటే మళ్ళీ వాయిదాలే. లేని ఫ్రిజ్జుకూ, ఉన్న ఫ్రిజ్జుకూ కలిపి కట్టాలి,” అన్నారు.

నిజమే, విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులవారికి 10,000 రూపాయల చొప్పున ప్రకటించింది. 2023లో ఢిల్లీ ప్రభుత్వం ప్రకటించినది కుటుంబానికి 10,000. 2020 అక్టోబరులో హైదరాబాదు మునిగినప్పుడు ప్రకటించినదీ 10,000. ఆ పంపిణీ నగరపాలక ఎన్నికల ముందు ఎన్నికల సంఘం ఆదేశంతో నిలిచిపోవడం, దానిచుట్టూ రాజకీయ దుమారం చెలరేగడం తెలిసినదే. ఈ మొత్తాలు ఏ లెక్క ప్రకారం నిర్ణయమవుతున్నాయి? వరద లోతును బట్టి కాదు, నష్టాన్ని బట్టి కాదు. ప్రభుత్వపు ఖజానాను బట్టి, ఆనాటి రాజకీయ వాతావరణాన్ని బట్టి నిర్ణయమవుతున్నాయి.

కాగా, కేంద్రానికి ఒక లెక్క లేకపోలేదు. తొమ్మిదవ ఫైనాన్స్ కమిషన్ సిఫార్సుపై 1990లో ఏర్పడిన విపత్తు సహాయ నిధి, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం తర్వాత 2010లో రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధిగా మారింది. ఆ నిధి నుంచి దేనికెంత ఇవ్వాలో కేంద్ర హోం మంత్రిత్వ శాఖ నియమావళి జారీ చేస్తుంది. 2022లో, 2022–26 కాలానికి జారీ అయిన నియమావళి ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా ధ్వంసమైన ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. పాక్షికంగా, అంటే కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, లేదా రెండు రోజులకు మించి తీవ్రంగా మునిగినా కుటుంబానికి బట్టల కోసం 2,500, పాత్రలు, ఇంటి సామానుల కోసం మరో 2,500.

ఈ అంకెలను ఒకసారి నిదానంగా చదవవలసి ఉన్నది. ఈ నియమావళి కొలిచేది గోడలను. గోడ కూలితే సహాయం. గోడ నిలిచి, దాని లోపలి సంసారం మొత్తం బురదపాలైతే అయిదు వేల రూపాయలు. మట్టి గోడల కాలంలో ఈ కొలత సమంజసమే. ఇల్లు పోతే సర్వస్వం పోయినట్లే ఆనాడు. నేటి పట్టణంలో కాంక్రీటు ఇల్లు వరదకు చెక్కు చెదరదు. మా అన్నగారి ఇంటికి ఒక పెచ్చు కూడ ఊడలేదు. నియమావళి దృష్టిలో ఆయన ఇల్లు క్షేమం. అద్దె ఇంట్లో ఉన్నవారి సంగతి చెప్పనే అక్కరలేదు. గోడ వారిది కాదు, మునిగిన సామాను మాత్రం వారిదే.

ఇది నష్టపరిహారం కాదు, తక్షణ సహాయం మాత్రమే అని అధికారులు ప్రతి సందర్భంలోనూ చెప్తారు. అందులో అసత్యం లేదు. ఏ ప్రభుత్వమూ పౌరుని రిఫ్రిజిరేటరుకు పూచీ పడజాలదు. కాని, పరిహారం ఇవ్వలేనప్పుడు కనీసం అప్పు విషయంలో ఊపిరి తీసుకునే వ్యవధి ఇప్పించాలన్నది న్యాయమైన కోరిక. అటువంటి కోరికకు మన చట్టంలోనే ఒకనాడు చోటు ఉండేది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంలోని 13వ సెక్షను అదే. తీవ్రమైన విపత్తు సంభవించినప్పుడు బాధితుల రుణాల చెల్లింపులో ఉపశమనం కల్పించాలని గాని, అనువైన షరతులపై కొత్త రుణాలు ఇవ్వాలని గాని జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ సిఫార్సు చేయవచ్చునని ఆ సెక్షను చెప్పేది. సిఫార్సు మాత్రమే. అయినా, అప్పు అన్నమాట ఆ చట్టంలో ఉన్నది అక్కడే.

2024 ఆగస్టు 1న ఆ చట్టానికి సవరణ బిల్లు లోక్‌సభలో ప్రవేశించింది. అంతకు రెండు రోజుల ముందే వయనాడులో కొండచరియలు విరిగిపడి ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. డిసెంబరు 12న లోక్‌సభ, 2025 మార్చి 25న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. చర్చ ప్రధానంగా కేంద్ర, రాష్ట్రాల అధికారాలు, నగరాలకు కొత్తగా ఏర్పరిచే ప్రాధికార సంస్థల చుట్టూ తిరిగింది. సవరణతోపాటు 13వ సెక్షను చట్టం నుంచి అదృశ్యమైంది. వయనాడు బాధితుల బ్యాంకు రుణాలపై కేరళ హైకోర్టు స్వయంగా చేపట్టిన విచారణలో కేంద్రం ఈ రద్దునే చూపించి, మాఫీకి సిఫార్సు చేసే అధికారం ఇక లేదన్నది. ఈలోగా కేరళ సహకార రంగంలోని కేరళ బ్యాంకు మాత్రం తన చూరల్‌మల శాఖలోని బాధితుల రుణాలను 2024 ఆగస్టులోనే మాఫీ చేసింది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. రాజ్యసభ ఆ బిల్లును ఆమోదించిన నాడు నేను పంపిన వార్తలో కూడ 13వ సెక్షను ప్రస్తావన లేదు. ఓటింగు, వాగ్వాదం, మంత్రి సమాధానం అన్నీ వ్రాశాను. సింగ్ నగర్‌లోని ఆ జమాఖర్చుల పుస్తకాన్ని అయిదు నెలల ముందే చూసి వచ్చినవాణ్ణి అయివుండి కూడ ఆ తొలగింపు నా కంటబడలేదు. ప్రజాప్రతినిధులను తప్పుపట్టే ముందు ఆ లోపాన్ని నా ఖాతాలో వేసుకుంటున్నాను.

ఇక మిగిలినది బీమా. ఇంటి బీమాను సామాన్యులకు అందుబాటులోకి తేవడానికి బీమా నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని సాధారణ బీమా కంపెనీలన్నీ విక్రయించాలని ఆదేశించింది. వరద, ముంపు అందులో చేరి ఉన్నాయి. భవనానికి బీమా చేస్తే అందులో 20 శాతం మేరకు, గరిష్ఠంగా 10 లక్షల వరకు, ఇంటి సామానుకు దానంతట అదే రక్షణ లభిస్తుంది. అద్దెకున్నవారు సామానుకు మాత్రమే బీమా తీసుకోవచ్చు. తక్కువ విలువకు బీమా చేశారన్న సాకుతో పరిహారంలో కోత పెట్టరాదన్న నిబంధన కూడ ఉన్నది. పథకం మంచిదే, తెలిసినవారే తక్కువ. మా అన్నగారికి తెలియదు. జీవిత బీమా, మోటారు సైకిలు బీమా ఆయన క్రమం తప్పక కడతారు. ఇంటికి బీమా ఉంటుందని ఆయన వినలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంలపై జి.ఎస్.టి. ఎత్తివేశారు. ఆ మినహాయింపు జాబితాలో ఇంటి బీమా లేదు.

ఈ లేఖ చదివేవారిలో రేపు ఎవరింటికైనా నీరు రావచ్చును గనుక అనుభవంలో తేలిన కొన్ని సంగతులు చెప్పడం అప్రస్తుతం కాదు. బురద కడగడానికి ముందే గోడమీద నీటి గీతతో సహా ప్రతి గదినీ, ప్రతి వస్తువునూ ఫొటో తీసుకోవాలి. పాడైన సామాను నష్టగణన సిబ్బంది గాని, బీమా సర్వేయరు గాని చూడకుండా పారవేయరాదు. మునిగిన వాహనాన్ని ఆత్రపడి స్టార్టు చేయరాదు. ఇంజనులోకి నీరు చేరి జరిగే నష్టాన్ని, ప్రత్యేక రక్షణ తీసుకోకపోతే, బీమా కంపెనీలు తోసిపుచ్చుతాయి. తడిసి చిరిగిన నోట్లను కమిషను వ్యాపారికి ఇవ్వనక్కరలేదు. యాభై, ఆపై విలువగల నోటులో 80 శాతానికి మించిన ముక్క మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 శాతం మిగిలితే సగం విలువ బ్యాంకు ఇవ్వాలి. రుణ వాయిదా తప్పకముందే బ్యాంకుకు లిఖితపూర్వకంగా అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి. బీమా కంపెనీ నిరాకరిస్తే అంబుడ్స్‌మన్ ఉన్నాడు. 50 లక్షల వరకు వివాదాలను రుసుము లేకుండా విచారిస్తాడు.

అయితే, వ్యక్తి జాగ్రత్త రాజ్యం బాధ్యతకు ప్రత్యామ్నాయం కాదు. మన పొరుగున ఉన్న శ్రీలంక, మనకంటె చిన్న ఖజానా గల దేశం, 2016లో జాతీయ బీమా ట్రస్టు నిధి ద్వారా దేశంలోని గృహాలకు విపత్తు బీమా కల్పించి, ప్రీమియం ప్రభుత్వమే చెల్లించింది. ఆ మే నెలలోనే కెలనీ నది పొంగి కొలంబో పరిసరాలు మునిగినప్పుడు ఆ బీమా అక్కరకు వచ్చింది. అది సర్వసమగ్రమని ఎవరూ అనరు. కాని, గోడను కాక గృహాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన అందులో ఉన్నది.

పదిహేనవ ఫైనాన్స్ కమిషన్ 2021–26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధులకు 1,60,153 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. చిన్న మొత్తం కాదు. డబ్బు లేదన్న వాదనకంటె, డబ్బును కొలిచే గజం పాతబడిందన్న వాదనే ఇక్కడ సబబు. సామాను నష్టాన్ని నియమావళిలో గుర్తించడం, మునిగిన ప్రాంతంలో గృహ రుణాల వాయిదాలకు కొన్ని నెలల విరామాన్ని బ్యాంకుల దయకు వదలక హక్కుగా ప్రకటించడం, తొలగించిన సెక్షనును తిరిగి తేవడం: ఈ మూడింటికీ కొత్త కమిషన్ గాని, రాజ్యాంగ సవరణ గాని అక్కరలేదు. ఏ పక్షపు సభ్యుడైనా ఒక ప్రశ్నతో ఆరంభించవచ్చును.

2025 సెప్టెంబరులో యమున మరల 207 మీటర్లు దాటింది. ఆ సాయంత్రం మా అన్నగారు ఫోను చేసి, ఇంట్లోకి నీళ్ళు వచ్చాయా అని అడిగారు. మేము ఉండేది మూడో అంతస్తు, భయం లేదన్నాను. కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, ఫ్రిజ్జు వాయిదాలు తీరిపోయాయని చెప్పారు. పాత ఫ్రిజ్జువి. కొత్తదానికి ఇంకా పదకొండు ఉన్నాయట.