అనావృష్టి – ఎండ తీవ్రత – మన మెట్టపంటలు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దల సామెత. మే నెల చివరి వారంలో రాయలసీమ పల్లెలలో నడిచినవారికి ఈ మాటలో అతిశయోక్తి కనిపించదు. చెరువులో బురద సైతం ఎండి పెంకులుగా విచ్చుకుంటుంది. చీనీతోటలో కాయ పండకముందే రాలిపోతుంది. రైతు మాత్రం ఆకాశం వైపు చూస్తూ, విత్తనపు కాయలను ఒలుచుకుంటూ, మృగశిర కొరకు ఎదురుచూస్తాడు. మన కళాశాలలో చదువుతున్న విద్యార్థులలో అనేకుల ఇళ్ళలో ఆ సంవత్సరపు చదువు ఖర్చు ఈ ఎదురుచూపు మీదనే ఆధారపడి ఉంటుంది. కనుక ఎండ అంటే ఏమిటి, కరవు అంటే ఏమిటి, అవి పంటను ఏ విధంగా దెబ్బతీస్తాయి అనే విషయాలను శాస్త్రదృష్టితో పరిశీలించడం మనకు పుస్తకజ్ఞానం మాత్రమే కాదు. ఇంటి విషయం కూడా. ఆ ప్రయత్నమే ఈ వ్యాసంలో చేయదలచాము.

మన సీమకు వాన ఎందుకు తక్కువ?

నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం నుండి తెచ్చే నీటిలో అధికభాగం పడమటి కనుమలే గ్రహిస్తాయి. ఆ కొండలను దాటి వచ్చే గాలి పొడిగాలి. ఈశాన్య ఋతుపవనాలు బంగాళాఖాతం వైపు నుండి వచ్చినా, అవి తూర్పుతీరంలో కురిసినంత ధారాళంగా లోతట్టు ప్రాంతంలో కురియవు. ఈ విధంగా రెండు ఋతుపవనాల అంచున ఉండడం వలన అనంతపురం ప్రాంతపు సాలుసరి సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇందులో ఎక్కువభాగం జూన్ నుండి సెప్టెంబరు వరకు కురుస్తుంది.

వాన తక్కువ అన్నది సగం కథ. మిగిలిన సగం నేలలో ఉన్నది. కర్నూలు, నంద్యాల ప్రాంతాల నల్లరేగడి నేల తాగిన నీటిని చాలాకాలం దాచుకుంటుంది. అందుచేతనే అక్కడ వానలు వెనుకబడిన తరువాత కూడా, నేలలోని తేమతోనే రబీలో జొన్న, శనగ పండుతున్నాయి. అనంతపురపు ఎర్రనేల అటువంటిది కాదు. అది లోతు తక్కువ, ఇసుకపాలు ఎక్కువ. నీరు త్వరగా ఇంకుతుంది, త్వరగా ఆవిరవుతుంది. రెండు వారాలు చినుకు లేకపోతే పైపొర గట్టిపడి నాగలికి లొంగదు. ఒకే వాన ఒక నేలకు నెలరోజుల అన్నం, మరొక నేలకు వారంరోజుల అన్నం.

ఎండ వేరు, బెట్ట వేరు

సామాన్యంగా మనం ఎండను, వర్షాభావాన్ని ఒకటిగా భావిస్తాము. మొక్కకు అవి రెండు వేర్వేరు శత్రువులు. కలిసి వచ్చినప్పుడు మాత్రం ఒకదానికొకటి బలం చేకూర్చుకుంటాయి.

మొక్క ఆకులలో కంటికి కనిపించని సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. వాటి ద్వారా మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకుని ఆహారం తయారుచేస్తుంది. అదే ద్వారం గుండా నీరు ఆవిరై బయటికి పోతుంది. ఈ ఆవిరి వలన ఆకు చల్లబడుతుంది. మనకు చెమట ఏ విధమో మొక్కకు ఇది ఆ విధం. బెట్ట వచ్చి వేళ్ళకు నీరు అందనప్పుడు మొక్క ప్రాణరక్షణ కొరకు ఆ ద్వారాలను మూసుకుంటుంది. అప్పుడు నీటినష్టం ఆగుతుంది. కాని ఆహారం తయారీ కూడా ఆగిపోతుంది, ఆకు వేడెక్కుతుంది. తలుపులు మూసిన ఇంటిలో వంట చేయబూనినట్లు ఉంటుంది మొక్క పరిస్థితి.

ఎండ తీవ్రత ఇందుకు తోడైతే గాలి దాహం పెరుగుతుంది. ఉష్ణోగ్రత ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ పెరిగితే గాలి సుమారు 7 శాతం అధికంగా నీటిఆవిరిని ఇముడ్చుకోగలుగుతుంది. అనగా అదే పొలం, అదే వాన. కాని నేల నుండి, ఆకు నుండి పోయే నీరు మునుపటికంటె ఎక్కువ. వాతావరణం వేడెక్కుతున్న ఈ కాలంలో, వర్షపాతం తగ్గకపోయినా కరవు ఎందుకు పెరుగుతున్నదనే ప్రశ్నకు ఇది ఒక సమాధానం.

నీరు పుష్కలంగా ఉన్నచోట కూడా ఎండ తన పని తాను చేయగలదు. వరి పూతదశలో ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. కంకి నిలబడే ఉంటుంది గాని చాలావరకు తాలు. 2004లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు మరొక విషయం ప్రకటించారు. అక్కడి పొడి ఋతువులో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గినట్లు వారు గమనించారు. పగలు సంపాదించినదాన్ని మొక్క వేడి రాత్రులలో శ్వాసక్రియకే ఖర్చు చేస్తుంది. ఉత్తరభారతంలో 2022 మార్చి నెల అసాధారణంగా వేడెక్కగా గోధుమ గింజ పాలుపోసుకునే దశలో ముడుచుకుపోయింది. ఆ సంవత్సరం మే నెలలోనే కేంద్రప్రభుత్వం గోధుమ ఎగుమతిని నిషేధించవలసి వచ్చింది.

వేరుశనగ చెప్పే పాఠం

మన సీమలో చెనిక్కాయ అని పిలుచుకునే వేరుశనగ జీవితచక్రాన్ని కొంచెం వివరంగా చూస్తే కరవు స్వరూపం స్పష్టమవుతుంది. ఒకప్పుడు జొన్న, కొర్ర, కంది కలిసి పెరిగిన ఎర్రనేలలను ఇరవయ్యవ శతాబ్దపు ఉత్తరార్ధంలో ఈ ఒక్క నూనెగింజ ఆక్రమించింది. అనంతపురం అనగానే వేరుశనగ గుర్తుకువచ్చే స్థితి ఏర్పడింది.

ఈ పంటకాలం రమారమి 105 నుండి 120 రోజులు. విత్తిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. పువ్వు నేలపైన పూస్తుంది, కాయ నేలలోపల కాస్తుంది. ఇది ఈ మొక్క ప్రత్యేకత. పువ్వు ఫలదీకరణం చెందిన తరువాత దాని అడుగునుండి ఒక ఊడ పుట్టి క్రిందికి సాగి నేలలోనికి దిగుతుంది. ఆ ఊడ కొనయే కాయ అవుతుంది. జూలై నడుమ విత్తిన పైరుకు ఈ ఊడలు దిగే సమయం మఖ, పుబ్బ కార్తెలలో వస్తుంది.

ఆ పదిహేను, ఇరవై రోజులలో బెట్ట వచ్చిందనుకుందాం. ఎర్రనేల పైపొర ఇటుకవలె గట్టిపడుతుంది. ఊడ నేలను తాకి, లోనికి దిగలేక, ఎండి రాలిపోతుంది. కొన్ని దిగినా మరొక కష్టం ఎదురవుతుంది. వేరుశనగ కాయ తనకు కావలసిన సున్నపు ధాతువును ఆకుల నుండి గాక, తన చుట్టూ ఉన్న మట్టి నుండే నేరుగా పీల్చుకుంటుంది. మట్టిలో తడి లేనిదే సున్నం కరగదు, కాయకు అందదు. అప్పుడు పైడొల్ల బాగానే కనిపిస్తుంది, లోపల పప్పు ఉండదు. ఊడలు దిగే దశలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయాలని వ్యవసాయ అధికారులు సలహా ఇచ్చేది ఈ కారణంచేతనే. కాని తడి లేని నేలలో జిప్సం కూడా నిరుపయోగమే.

ఇక చివరి నెలలో బెట్ట వస్తే నష్టం మరొక రూపం ధరిస్తుంది. ఎండిన వేడినేలలో కాయకు ఒక రకం బూజు సోకి, అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. చూపుకు కాయ బాగున్నా అది మనిషికి, పశువుకు హానికరం. రైతు దిగుబడి కోల్పోవడమే గాక, పండినదానికి ధర కూడా కోల్పోతాడు.

మొత్తం కాదు, రోజులు ముఖ్యం

పై వివరణ నుండి మనం గ్రహించవలసిన ప్రధాన విషయం ఒకటున్నది. కరవు అనేది సంవత్సరపు వర్షపాతపు మొత్తంలో లేదు; పంటకు అత్యవసరమైన రోజులలో నీరు లేకపోవడంలో ఉన్నది. ఇరుగుపొరుగున ఉన్న రెండు గ్రామాలను ఊహించుకుందాం. రెంటిలోను పంటకాలంలో 350 మిల్లీమీటర్ల వాన కురిసింది. మొదటి గ్రామంలో అది పదిరోజులకొక పదునుగా కురిసింది. రెండవ గ్రామంలో జూలైలో మూడు పెద్దవానలు కురిసి, ఆగస్టు పదవ తేదీ నుండి సెప్టెంబరు పదిహేను వరకు చినుకు రాలక, ఆపైన కుండపోతగా కురిసింది. లెక్కల పుస్తకంలో రెండు గ్రామాలు సమానం. కళ్ళంలో మాత్రం ఒక ఇంట కాయల రాశి, మరొక ఇంట ఉత్త కట్టె.

ఈ సత్యాన్ని ప్రభుత్వం కూడా కొంతవరకు గుర్తించింది. కేంద్రప్రభుత్వం 2016లో ప్రకటించిన కరవు నిర్వహణ మార్గదర్శకాలలో వర్షపాతపు లోటుతోపాటు, వరుసగా మూడు నాలుగు వారాల బెట్టను కూడా ఒక కొలమానంగా చేర్చారు. ఆ సంవత్సరం ఆగస్టులోనే అనంతపురం జిల్లాలో ఎండుతున్న వేరుశనగను రక్షించడానికి రాష్ట్రప్రభుత్వం రెయిన్‌గన్‌లతో తడులు ఇప్పించింది. దాని ఫలితాలపై భిన్నాభిప్రాయాలు వెలువడినా, ఆ ప్రయత్నం వెనుకనున్న ఆలోచన సరియైనదే. కీలకమైన రోజున ఒక్క తడి అందితే పంట నిలుస్తుంది.

నివారణోపాయాలు

వానను మనం కురిపించలేము. కురిసిన వానను నిలుపుకోవడం మాత్రం మన చేతిలో ఉన్నది. ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన కురిస్తే అది నాలుగువేల లీటర్ల నీరు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు నిలువుగా త్రవ్విన కుంటలో రెండున్నర లక్షల లీటర్లు నిలుస్తాయి. ఆవిరి, ఇంకుడు నష్టాలను మినహాయించినా, ఊడలు దిగే సమయంలో రెండెకరాలకు ఒక ప్రాణరక్షక తడి ఇవ్వడానికి అది చాలుతుంది. కుంట అడుగుకు పూత లేకపోతే ఎర్రనేలలో నీరు నిలువదని మరువరాదు.

వాలుకు అడ్డంగా దున్నడం, సాళ్ళ నడుమ అక్కడక్కడ లోతు చాళ్ళు తీయడం, బెట్టలో గుంటక తోలి పైమట్టిని పొడిచేసి తేమను కాపాడడం మన పెద్దలకు తెలిసిన పనులే. వేసవి దుక్కి కూడా అటువంటిదే. ఏ ఎండ మనలను బాధిస్తుందో అదే ఎండ, తిరగవేసిన మట్టిలోని పురుగుల కోశాలను, కలుపువేళ్ళను మాడ్చివేస్తుంది.

పంటల ఎంపిక మరొక ఉపాయం. వేరుశనగ సాళ్ళ మధ్య కంది వేస్తే, వేరుశనగ పోయిన ఏట కూడా లోతువేళ్ళ కంది ఎంతో కొంత చేతికివస్తుంది. జొన్న బెట్టలో ఆకు చుట్టుకుని నిద్రించినట్లుండి, వానపడగానే తిరిగి లేస్తుంది. జొన్న, సజ్జ, కొర్ర తక్కువ నీటితో ఎక్కువ ఆహారం తయారుచేసుకునే జాతికి చెందినవి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు లోకమంతా వీటిని పొగిడింది. పొగడ్తతోపాటు గిట్టుబాటు ధర కూడా లభిస్తేనే రైతు వాటివైపు మళ్ళగలడు.

కళాశాలకు ఒక మనవి

మన రైతు నిత్యం వాడే ఖరీఫ్, రబీ అనే మాటలు అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మన పొలాలకు వచ్చినవి. ఖరీఫ్ అంటే శరదృతువు, రబీ అంటే వసంతం. కార్తెల పేర్లు సంస్కృతం నుండి వచ్చినవి. బెట్ట, పదును, ఊడ అచ్చమైన తెలుగు. ఈ మాటలన్నీ ఒకే రైతు నోట ఒకే పూటలో వినవస్తాయి. కరవుకు భాషాభేదం లేదు, మతభేదం లేదు. ఉపాయానికి కూడా ఉండనక్కరలేదు.

కావున కళాశాల కమిటీవారికి మేము ఒక చిన్న మనవి చేసుకుంటున్నాము. మన ఆవరణలో ఒక వర్షమాపకాన్ని, ఒక ఉష్ణమాపకాన్ని నెలకొల్పవలెను. దీనికి పెద్దమొత్తం అవసరం లేదు. ప్రతి ఉదయం ఎనిమిదిన్నర గంటలకు, వాతావరణశాఖవారి పద్ధతి ప్రకారం, విద్యార్థులు వంతులవారీగా కొలిచి పుస్తకంలో వ్రాయవలెను. రెండున్నర మిల్లీమీటర్లు, అంతకు మించి కురిసిన రోజునే వానరోజుగా లెక్కించి, రెండు వానరోజుల నడుమ ఎన్ని పొడిరోజులు గడిచాయో ఉర్దూలోను, తెలుగులోను ఫలకంపై ప్రకటించవలెను. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థులు తమ గ్రామంలో పైరు అప్పుడు ఏ దశలో ఉన్నదో తెలిసికొని వచ్చి ఆ పుస్తకంలోనే చేర్చవలెను.

ఐదారు సంవత్సరాలు ఈ లెక్క సాగితే, మన చుట్టుప్రక్కల ఏ కార్తెలో బెట్ట తరచు వస్తున్నది, విత్తే సమయాన్ని ముందుకు జరపాలా, వెనుకకు జరపాలా అనే ప్రశ్నలకు మన విద్యార్థులే కొంత సమాధానం చెప్పగలుగుతారు. తండ్రి ఆకాశాన్ని చూచి అంచనా వేసినదాన్ని కుమారుడో, కుమార్తెయో అంకెలతో సరిచూచి చెప్పగలిగిననాడు, మన చదువు పొలం గట్టు వరకు చేరినట్లు భావించవచ్చు.