ఏలీ తన మాట మార్చుకున్నాడు

షిలోహులోని దేవుని మందిరంలో హన్నా కన్నీళ్లతో ప్రార్థిస్తోంది. పెదవులు కదులుతున్నాయి గానీ స్వరం వినబడటం లేదు. ద్వారం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి, తాగి వచ్చిందనుకుని మందలించాడు. తాను తాగలేదని, మనసులోని వేదనను దేవునికి చెప్పుకుంటున్నానని ఆమె వినయంగా జవాబిచ్చింది. ఏలీ వెంటనే తన మాట మార్చుకుని ఆమెను దీవించి పంపాడు (1 సమూయేలు 1వ అధ్యాయం). ఏళ్ల అనుభవమున్న యాజకుడు కూడా పైకి కనిపించిన గుర్తులను బట్టి పొరబడ్డాడు. కానీ ఎదుటి మనిషి చెప్పింది విన్నాక తన అభిప్రాయాన్ని దిద్దుకోవడానికి నామోషీ పడలేదు.

మానసిక వైద్యంలోనూ ఇలాంటి దిద్దుబాట్లు తరచూ జరుగుతాయి. ఇన్నాళ్లూ ఒక పేరుతో మందులు వాడిన జబ్బుకు డాక్టరు హఠాత్తుగా మరో పేరు చెబుతారు. ఆ రోజు ఆ ఇంటి మీద పిడుగు పడినట్టే ఉంటుంది.

పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెళ్లే దారిలో, అడవి అంచున ఒక చిన్న సంఘాన్ని ఊహించుకుందాం. ఆశ్రమ పాఠశాలలో టీచరుగా చేసే ఒక చెల్లెలు అందులో ఉందనుకుందాం. కొంతకాలం క్రితం ఆమెకు నిద్ర, ఆకలి పోయాయి. బడికి వెళ్లలేక మంచం పట్టింది. డాక్టరు డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. కొన్ని వారాలకు కోలుకుని ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పింది. సంఘమంతా దేవుణ్ని స్తుతించింది. ఆ తర్వాత ఆమె ఉత్సాహం పెరుగుతూ పోయింది. రాత్రంతా మేలుకుని ప్రార్థన, తెల్లవారకముందే ఊరూరా సువార్త, నెల జీతమంతా ఒక్కరోజులో కానుక పెట్టె పాలు! రెండు గంటలు నిద్రపోయినా అలసట లేదు. 'ఆత్మాభిషేకం' అన్నారు అందరూ. చివరికి మాటకు మాటకు పొంతన లేక, అడ్డొచ్చిన తల్లిని తోసేసి నడిరాత్రి అడవిదారి పట్టినప్పుడు గానీ అది జబ్బని ఎవరికీ తట్టలేదు. ఈసారి డాక్టరు 'బైపోలార్ డిజార్డర్' అన్నారు.

ఆ ఇంట్లో మూడు ప్రశ్నలు పుడతాయి. 'అయితే ఇన్నాళ్లూ తప్పు మందులు మింగించామా?' అని తల్లి కుమిలిపోతుంది. 'ఒకరు ఒకటంటారు, ఇంకొకరు ఇంకోటంటారు. ఈ మాత్రలన్నీ పారేసి ప్రార్థన గుడారానికి తీసుకుపోదాం' అని అన్న అంటాడు. ఆ చెల్లెలి ప్రశ్న అన్నిటికన్నా లోతైనది. 'నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమా? నా ప్రార్థనలో జబ్బు ఎంత, నేను ఎంత?'

తల్లి ప్రశ్నకు వైద్యశాస్త్రంలోనే జవాబుంది. బైపోలార్ జబ్బులో మనసు కొంతకాలం పాతాళానికి కుంగిపోతుంది, మరికొంతకాలం హద్దు మీరి పైకెగస్తుంది. దీన్ని నిర్ధారించే రక్తపరీక్ష గానీ స్కానింగ్ గానీ లేదు. రోగి చెప్పింది, ఇంటివాళ్లు చూసింది, కాలక్రమంలో బయటపడింది, ఇవే ఆధారం. చాలామందిలో ముందు కుంగుబాటే వస్తుంది. ఉత్సాహం పొంగే రోజుల్లో ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు కనుక డాక్టరుకు సగం కథే తెలుస్తుంది. అసలు పేరు తేలడానికి ఏళ్లు పట్టడం మామూలే. పైగా బైపోలార్ ఉన్నవారికి డిప్రెషన్ మందులు మాత్రమే ఇస్తే కొందరిలో మనసు మరీ పైకెగిసే ప్రమాదముంది. పేరు మారితే మందూ మారాల్సి రావడానికి ఇదొక కారణం.

పెద్ద దేశాల పెద్ద ఆసుపత్రులకూ ఈ చిక్కు తప్పలేదు. 1972లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో న్యూయార్క్, లండన్ ఆసుపత్రుల రోగులను ఒకే పద్ధతిలో పరీక్షించి చూశారు. న్యూయార్క్ డాక్టర్లు స్కిజోఫ్రీనియా అన్నవారిలో చాలామందిది నిజానికి కుంగుబాటు, ఉద్రేకాలకు సంబంధించిన జబ్బని తేలింది. 2009లో న్యూయార్క్ పాత్రికేయురాలు, 24 ఏళ్ల సుసానా కహలన్‌కు మతిస్థిమితం తప్పింది. ఒకరు మద్యం అన్నారు, మరొకరు బైపోలార్ అన్నారు. చివరికి సుహేల్ నజ్జార్ అనే డాక్టరు ఆమెను గడియారం బొమ్మ గీయమన్నారు. ఆమె అంకెలన్నీ కుడివైపే వేసింది. దాంతో మెదడు వాపు అనుమానం బలపడింది. శరీరంలోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేసే ఆ జబ్బును వైద్యలోకం గుర్తించింది కేవలం రెండేళ్ల ముందు, 2007లో! సరైన చికిత్సతో కోలుకున్న ఆమె 2012లో తన అనుభవాన్ని పుస్తకంగా రాసింది.

మన ఏజెన్సీ గ్రామాలకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. మెదడుకు పాకిన మలేరియాలో కూడా మనిషి పిచ్చిగా మాట్లాడవచ్చు, బంధువులను గుర్తుపట్టకపోవచ్చు. థైరాయిడ్ లోపం, మూర్ఛ కూడా మానసిక రోగంలా కనిపించవచ్చు. జ్వరంతో పాటు మాట తడబడితే దయ్యం అనో, మతి చెడిందనో తీర్మానించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు.

ఇక అన్న ప్రశ్న. డాక్టరు మాట మార్చారు గనుక వైద్యమే అబద్ధమా? బేత్సయిదాలో యేసుప్రభువు ఒక గుడ్డివాణ్ని ముట్టినప్పుడు మొదట అతనికి మనుషులు చెట్లలాగా కనిపించారు. ప్రభువు రెండోసారి చేతులుంచాకే స్పష్టంగా చూశాడు (మార్కు 8వ అధ్యాయం). మొదటి చూపు మసకగా ఉన్నంత మాత్రాన అతను ప్రభువును విడిచి వెళ్లిపోలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి అక్కడే నిలబడ్డాడు. రోగి చేయవలసిందీ అదే. మందు పనిచేయకపోతే ఆ సంగతి డాక్టరుకే చెప్పాలి. నచ్చకపోతే మరో డాక్టరు అభిప్రాయం అడగవచ్చు. అంతేగానీ మందులు ఒక్కసారిగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదముంది.

మనసు బాగాలేనివారిని వైద్యం లేకుండా గొలుసులతో కట్టి ఉంచితే ఏమవుతుందో దేశం చూసింది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మంటలు చెలరేగినప్పుడు, గొలుసులతో బంధించి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఏ రూపంలోనూ గొలుసులు వేయకూడదంటోంది. అది మన ప్రార్థన గుడారాలకూ వర్తిస్తుంది. తన వైద్య రికార్డులు పొందే హక్కు, వాటిని గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా ఆ చట్టం రోగికి ఇచ్చింది. పాత చీటీలన్నీ దాచి కొత్త డాక్టరుకు చూపిస్తే సగం పని సులువవుతుంది.

సంఘ కాపరులు ఒక సంగతి ముఖ్యంగా తెలుసుకోవాలి. బైపోలార్‌కు వాడే మందుల్లో లిథియం ఒకటి. అది ఉపయోగపడుతుందని ఆస్ట్రేలియా డాక్టరు జాన్ కేడ్ 1949లో ప్రకటించాడు. ఇది వాడేవారికి తరచూ రక్తపరీక్ష చేయాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే, కొన్నిరకాల నొప్పి మాత్రలు వేసుకుంటే రక్తంలో మందు మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో నీళ్లయినా ముట్టకుండా ఉపవాస ప్రార్థన చేయమని అలాంటివారిని బలవంతపెట్టకూడదు. రాత్రంతా నిద్ర కాచే ప్రార్థన కూడా బైపోలార్ ఉన్నవారికి మంచిది కాదు. నిద్ర చెడితే జబ్బు రేగుతుంది. వారు వేళకు తిని, పడుకుని లేచాక ప్రార్థిస్తే దేవుడు వినడా? అలసి చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు పెట్టింది రొట్టె, నీళ్లే కదా! నిద్రపోనిచ్చాడు కూడా.

చివరిది చెల్లెలి ప్రశ్న. అమ్మా, నీ సాక్ష్యం అబద్ధం కాదు. మంచం మీద నుంచి లేచింది నిజం, కృతజ్ఞత నిజం. జబ్బు పేరు ఒక్కటే అప్పుడు నీకు తెలియదు. ఆ తర్వాతి రోజుల్లో ఏది భక్తి, ఏది ఉద్రేకం అని ఇప్పుడు కూర్చుని వేరు చేసే భారం నీది కాదు. గోదుమల్లో గురుగులను వేరుచేసే పని కోతకాలం దాకా ఆపమన్నవాడు ప్రభువే. జరిగిన నష్టానికి ఏడుపు వస్తే ఏడువు. తోసేసిన అమ్మతో ఒక మాట చెప్పు. నీ మీద నీకే అనుమానం వేసినప్పుడు, 'ఈమధ్య నేనెలా ఉన్నాను? నిద్రపోతున్నానా?' అని అడగడానికి నమ్మకమైన ఒక్క మనిషిని పెట్టుకో.

సంఘానికీ బాధ్యత ఉంది. ఆమె ఉద్రేకాన్ని అభిషేకమని మెచ్చుకున్నది మనమే. కాబట్టి ఇప్పుడు 'పిచ్చిది' అని ముద్ర వేసే హక్కు మనకు లేదు. ఆమె అనుమతి లేకుండా జబ్బు పేరును ప్రార్థన మనవిగా మైకులో చదవకూడదు. ఆమె ఇచ్చేసిన జీతం మాటేమిటి? ఇంట్లో బియ్యం లేకపోతే ఆ కానుకను తిరిగి ఇవ్వడానికి సంఘం వెనకాడకూడదు. ఆసుపత్రికి తోడు వెళ్లాలి. దూరం వెళ్లలేనివారు 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఏలీ దీవించి పంపాక హన్నా వెళ్లి భోజనం చేసింది, ఆమె ముఖంలో దుఃఖం పోయింది. అప్పటికింకా ఆమె ఒడిలోకి సమూయేలు రాలేదు. తాను చెప్పింది ఒకరు విన్నారు, తన గురించి అనుకున్న తప్పును దిద్దుకున్నారు. ఆ రోజుకు ఆమెకు ఆ ఆదరణ చాలింది. మన సంఘంలో ఒకరికి ఆ పాటి ఆదరణ ఈ వారం మనం ఇవ్వగలమా?