రిపోర్టులో ఎంజైమ్ పెరిగిందా? కంగారు పడకండి

మన అనంతపురం జిల్లాలో క్యాన్సర్ వచ్చినవారిలో చాలామంది బెంగళూరులోని కిద్వాయ్ ఆసుపత్రికి వెళ్తుంటారు. కీమోథెరపీ మందు ఎక్కించే ప్రతి విడతకూ ముందు రక్తపరీక్ష తప్పదు. ఆ పరీక్షను కొందరు ఊరి దగ్గరే చేయించుకొని, రిపోర్టు పట్టుకొని బస్సెక్కుతారు. అందులో ఎస్.జి.ఓ.టి. గానీ ఎల్.డి.హెచ్. గానీ ఎక్కువగా కనబడితే "లివర్ పాడైంది", "జబ్బు ముదిరింది" అని ఇంటిల్లిపాదీ దిగులు పడతారు. కొందరు వైద్యమే మానేస్తారు.

ఎంజైమ్‌లు మన కణాల లోపల ఉండే పదార్థాలు. కణం దెబ్బతింటే అవి రక్తంలోకి కారతాయి. అయితే ఏ కణం నుంచి కారాయో ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. ఎస్.జి.ఓ.టి. లివర్‌లోనే కాదు, గుండెలో, కండరాల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. 1954లో అమెరికా వైద్యులు దీన్ని మొదట గుర్తించింది గుండెపోటు వచ్చినవారి రక్తంలోనే!

అంకె మనల్ని తప్పుదారి పట్టించే సందర్భాలు ఇవి:

1. నమూనా చెడిపోవడం: కీమో వల్ల నరాలు గట్టిపడి రక్తం తీయడం కష్టమవుతుంది. సన్న సూదితో బలవంతంగా లాగినా, సీసాను బాగా కుదిపినా, ఎండలో చాలాసేపు ఉంచినా ఎర్రకణాలు పగులుతాయి. వాటిలోని ఎల్.డి.హెచ్., ఎస్.జి.ఓ.టి., పొటాషియం సీరంలో కలుస్తాయి. అలాంటి సీరం పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుంది.

2. కండరాల శ్రమ: ముందురోజు వేరుశనగ పీకినా, బరువులు మోసినా ఎస్.జి.ఓ.టి. పెరగవచ్చు.

3. తెల్లకణాల ఇంజెక్షన్: కీమో తర్వాత ఇచ్చే ఫిల్‌గ్రాస్టిమ్ వల్ల ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, ఎల్.డి.హెచ్. కొన్నాళ్లు పెరుగుతాయి. జబ్బు ఎముకలకు పాకిందని దీనితోనే అనుకోకూడదు.

అలాగని ప్రతి పెరుగుదలనూ కొట్టిపారేయరాదు. మెథోట్రెక్సేట్ వంటి మందులు నిజంగానే లివర్‌ను దెబ్బతీయగలవు. కీమో సమయంలో పాత హెపటైటిస్-బి తిరగబెట్టవచ్చు. ఎస్.జి.పి.టి., బిలిరుబిన్ కూడా పెరిగాయా, కళ్లు పచ్చబడ్డాయా అన్నది డాక్టరు కలిపి చూస్తారు. అవసరమైతే కండరాలకు సంబంధించిన సి.కె. పరీక్ష రాస్తారు.

మీరు చేయవలసినవి:

- పరీక్షకు ముందు రెండు మూడు రోజులు బరువు పనులు చేయకండి.
- వాడుతున్న మాత్రలు, వేయించుకున్న ఇంజెక్షన్లు, తాగిన పసరు మందులు అన్నీ దాచకుండా చెప్పండి.
- వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. పాత రిపోర్టులు పారేయకండి.
- సీరం ఎర్రగా ఉందని ల్యాబ్‌వారు అంటే మళ్లీ రక్తం ఇవ్వడానికి విసుక్కోకండి.
- కామెర్లని భయపడి పసరు తాగకండి. కీమోను ఆపాలా, మోతాదు తగ్గించాలా అన్నది మీ క్యాన్సర్ డాక్టరు మాత్రమే నిర్ణయించాలి.

ఒక సీసా రక్తం మళ్లీ ఇవ్వడం చిన్న సంగతి. తప్పు అంకెను నమ్మి ఒక విడత మందు పోగొట్టుకోవడం చిన్నది కాదు. అందుకే రిపోర్టు చేతికి రాగానే మీరే తీర్పు చెప్పుకోకుండా, డాక్టరుకు చూపించి అడగమని మేము కోరుతున్నాం.