మీకు తెలుసా? నెల్లూరులో పుట్టి, న్యూజెర్సీ కరెంటు రేటు తేల్చారు!

★ రేపల్లెలో బండెక్కి తెనాలిలో మారి, మద్రాసు లైనులో బాపట్ల, చీరాల, ఒంగోలు దాటితే నెల్లూరు వస్తుంది. ఆ నెల్లూరులో 1950లో పుట్టిన చివుకుల ఉపేంద్ర ఏకంగా అమెరికాలోని న్యూజెర్సీలో కరెంటు, గ్యాసు, మంచినీళ్ల రేట్లు ఖాయం చేసే కుర్చీలో కూర్చున్నారు! అదీ ముందు పన్నెండేళ్లు శాసనసభ్యుడిగా పనిచేసి, ఆ తర్వాత. మన డెల్టా ఊళ్ల వాళ్లు న్యూజెర్సీలో ఎంతమంది లేరు! తమ కరెంటు బిల్లు వెనక ఒక తెలుగాయన సంతకం ఉండేదని వాళ్లలో ఎందరికి తెలుసో?

★ ఆయన 2001 నుంచి 2013 దాకా ఏడుసార్లు ఎన్నికల్లో గెలిచారు! న్యూజెర్సీ అసెంబ్లీ గడువు రెండేళ్లే మరి. అదే కాలంలో మనకు వచ్చిన అసెంబ్లీ ఎన్నికలు ఎన్నో చెప్పుకోండి చూద్దాం. రెండే: 2004, 2009. రెండేళ్లకోసారి ఓట్ల పండగంటే కట్టిన జెండాలు విప్పే తీరిక ఉంటుందా?

★ అక్కడ ఒక్కో నియోజకవర్గానికి ఇద్దరు ఎమ్మెల్యేలు! 40 నియోజకవర్గాలు, 80 మంది సభ్యులు. వింతగా ఉందా? మన తాతల కాలంలో మనకూ ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలు ఉండేవి, 1961లో చట్టం చేసి తీసేశారు.

★ ఆయన సభలో అడుగుపెట్టిన 2002లో అక్కడి శాసనసభ్యుడి జీతం ఏడాదికి 49 వేల డాలర్లు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లు దాటేదాకా అది ఒక్క డాలరు పెరగలేదు! అక్కడ శాసనసభ్యత్వం పూర్తికాలపు కొలువు కాదు, చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూనే సభకు వెళతారు.

★ ఉపేంద్ర చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగే, అదీ మద్రాసు గిండీ కాలేజీలో. ఆ కాలేజీ 1794లో భూమి కొలతలు నేర్పే బడిగా మొదలైంది. అంటే కరెంటు బల్బు కంటే ఎనభై అయిదేళ్లు పెద్దది!

★ ఆ బల్బు వెలిగిందీ న్యూజెర్సీలోనే. 1879లో ఎడిసన్ మెన్లోపార్కులో దీపం వెలిగించాడు. 1883లో అదే రాష్ట్రంలోని రోసెల్ అనే ఊరికి స్తంభాల మీదుగా తీగలు లాగి దీపాలు పెట్టాడు.

★ ఇప్పుడు అసలు తమాషా. 2014 జూన్‌లో ఉపేంద్ర పార్లమెంటు సీటుకు డెమోక్రాట్ల లోపలి పోటీలో ఓడిపోయారు. సెప్టెంబరుకల్లా విద్యుత్, గ్యాసు, నీటి సంస్థల నియంత్రణ బోర్డులో కమిషనర్! ఆ పదవికి పేరు ప్రతిపాదించిందెవరు? ఎదుటి పార్టీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ! కారణం ఏమిటంటే, అయిదుగురు కమిషనర్లున్న ఆ బోర్డులో ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు. ఆ నిబంధన నాకు తెగ నచ్చింది. బిల్లు పెరిగితే రెండు పార్టీలూ తలా కాస్త తిట్లు తినాల్సిందే.

★ ఆ జూన్ పోటీలో అందరికంటే వెనకబడింది ఆండ్రూ జ్విక్కర్ అనే భౌతిక శాస్త్రవేత్త. మరుసటి ఏడాదే ఆయన అసెంబ్లీకి నిలబడి గెలిచాడు. ఎన్ని ఓట్ల తేడాతోనంటారు? డెబ్బై ఎనిమిది! మన పెళ్లిళ్లలో ఒక బంతికి కూర్చునే జనం అంతకంటే ఎక్కువే ఉంటారు.

★ ఉపేంద్ర చేరిన ఆ నియంత్రణ బోర్డు పుట్టింది 1911లో. కమిషనర్ గడువు ఆరేళ్లు, అంటే మూడు అసెంబ్లీల పెట్టు! కరెంటు, గ్యాసు, నీళ్లు, ఫోనుతో పాటు కేబుల్ టీవీ కూడా దాని పరిధిలోదే.

★ న్యూజెర్సీ విస్తీర్ణం మన ఆంధ్రప్రదేశ్‌లో ఏడో వంతు. ఎండలూ మన రేపల్లె ఎండల ముందు దిగదుడుపే. అయినా 2010 ప్రాంతంలో సౌర విద్యుత్తులో కాలిఫోర్నియా తర్వాతి స్థానం దానిదే! అక్కడి ఒక కరెంటు కంపెనీ వీధి స్తంభాలకే లక్షన్నరకు పైగా సౌర పలకలు బిగించింది. చోటు లేకపోతే స్తంభం లేదా అన్నారన్నమాట! ఆ రోజుల్లో అసెంబ్లీలో టెలికాం, యుటిలిటీల కమిటీకి అధ్యక్షుడు మన ఉపేంద్రే.

★ జార్జియా, అరిజోనా లాంటి రాష్ట్రాల్లో కరెంటు రేట్లు తేల్చేవాళ్లను జనమే ఓటేసి ఎన్నుకుంటారు! వర్జీనియాలో అయితే ఆ ఓటు శాసనసభ్యులది. మన దగ్గరా ఇలాంటి ఎన్నిక పెడితే మేనిఫెస్టోలో మొదటి మాట ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు కదా?

★ మరి మన ఎమ్మెల్యేలు ఈ దారిలో ఎందుకు కనబడరు? 2003 విద్యుత్ చట్టం ఆ కుర్చీకి ఇంజనీరింగ్, ఆర్థికం, వాణిజ్యం, న్యాయం, మేనేజ్‌మెంట్ వంటి వాటిలో అనుభవం అడుగుతుంది. హైకోర్టు న్యాయమూర్తిని ఛైర్మన్‌గా తెచ్చుకునే వీలూ ఇచ్చింది. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్సీ) వరసగా ఛైర్మన్లయిన జస్టిస్ భవానీప్రసాద్, జస్టిస్ నాగార్జునరెడ్డి ఇద్దరూ హైకోర్టు నుంచి వచ్చినవాళ్లే.

★ మన ఈఆర్సీ సభ్యుడి గడువు అయిదేళ్లు, లేదా అరవై అయిదేళ్ల వయసు. ఏది ముందొస్తే అక్కడితో సరి! దిగిపోయాక రెండేళ్లదాకా విద్యుత్ రంగంలోని ఏ వాణిజ్య సంస్థలోనూ ఉద్యోగానికి చేరకూడదు.

★ రేట్ల దరఖాస్తు అందాక తీర్పు చెప్పడానికి మండలికి ఉన్నది 120 రోజులు. ఈలోగా బహిరంగ విచారణలో రేపల్లె రైతయినా, తెనాలి కొట్టు యజమానయినా లేచి అభ్యంతరం చెప్పొచ్చు! దానికి వకీలు గౌను అక్కర్లేదు.

★ మండలి ఆదేశాన్ని ధిక్కరిస్తే లక్ష రూపాయల దాకా జరిమానా! అప్పటికీ దారికి రాకపోతే రోజుకు ఇంకో ఆరు వేల దాకా మీటరు తిరుగుతూనే ఉంటుంది.

★ రాయితీ ఇస్తామని ప్రభుత్వం అంటే, ఆ డబ్బు కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కం) ముందుగానే కట్టాలన్నది 2003 విద్యుత్ చట్టంలోని 65వ సెక్షను. రైతుకు ఉచితమైనా ఖజానాకు మాత్రం కాదు!

★ అమెరికాలో శాసనసభ నుంచి నియంత్రణ కుర్చీకి ఈ దారిన నడిచిన భారత సంతతి వ్యక్తి ఉపేంద్ర ఒక్కరే కాదు. మేరీలాండ్‌లో కుమార్ బర్వే 1990లో గెలిచి, ముప్పై రెండేళ్లు సభలో ఉండి, 2023లో అక్కడి నియంత్రణ కమిషన్‌లోకి వెళ్లారు. చిత్రం చూడండి: న్యూజెర్సీలో ఉపేంద్ర నియోజకవర్గం నంబరు 17, మేరీలాండ్‌లో బర్వేదీ 17! ఇంకో తమాషా, బర్వేను నియమించిన ప్రభుత్వంలో లెఫ్టినెంట్ గవర్నర్ హైదరాబాదులో పుట్టిన మన తెలుగు ఆడపడుచు అరుణా మిల్లర్.

★ వీళ్లిద్దరికంటే ముందే ఆ కుర్చీ ఎక్కింది నాగపూర్ ఆడపడుచు స్వాతి దండేకర్, అయోవాలో. 2011లో ఆమె సెనేట్‌కు రాజీనామా చేసేసరికి ఒక్క సీటుతో అక్కడ ఆమె పార్టీ మెజారిటీయే ఊగిసలాడింది! సభలో బలాబలాలు 26, 24 మరి. ఉప ఎన్నికలో ఆమె పార్టీయే గెలిచి 26 నిలబెట్టుకుంది.